అహోబిలానికి కాలినడకన

మీ తరగతిలో ఓబులేసు అనే పిల్లవాడు ఉన్నాడా? పోనీ, మీ వీధిలో ఓబులమ్మ అనే అవ్వగాని, ఓబన్న అనే తాతగాని, ఓబుల్‌రెడ్డి అనే రైతుగాని ఉన్నారేమో చూడండి. మీరు కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతాలవారైతే ఎవరో ఒకరు ఉండే తీరుతారు. నేను ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసిన ఒక బడిలో ఒకే తరగతిలో ముగ్గురు ఓబులేసులుండేవారు. హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు చదివితే మూడు గొంతులు ఒక్కసారి "వచ్చినా సార్" అనేవి. చివరకు వాళ్ళను పెద్దోబులేసు, నడిపోబులేసు, చిన్నోబులేసు అని పిలవవలసి వచ్చింది.

ఈ పేర్లన్నీ ఒక్క ఊరినుంచే వచ్చాయి. ఆ ఊరు అహోబిలం. అక్కడి నరసింహస్వామిని అహోబలేశుడంటారు. ఆ మాట పల్లె జనం నోళ్ళలో నలిగి నలిగి ఓబులేశుడు, ఓబులేసు అయింది. 1846లో తెల్లవాళ్ళ కుంపిణీ మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ మీరు వినే ఉంటారు. ఆయన పక్కన నిలిచి పోరాడిన వీరుడి పేరు వడ్డె ఓబన్న. చూశారా, ఇద్దరివీ ఆ కొండదేవుడి పేర్లే!

ఊరి పేరును కొందరు అహోబలమనీ, కొందరు అహోబిలమనీ అంటారు. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన నరసింహుణ్ణి చూసి దేవతలు "అహో! ఏమి బలం!" అన్నారట, అందుచేత అహోబలం. స్వామి వెలసినది కొండగుహలో, బిలమంటే గుహ, అందుచేత అహోబిలం. రెండు పేర్లకూ కారణం ఉన్నది గనక మనం దెబ్బలాడుకోనక్కరలేదు. ఈ ఊరు 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లాలో ఉండేది, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్నది. నంద్యాలలో రైలు దిగి ఆళ్ళగడ్డ మీదుగా వెళితే సుమారు 70 కిలోమీటర్లు. ఇప్పుడు బస్సులున్నాయి, జీపులున్నాయి, కొండమీది గుడిదాకా మంచి రోడ్డు కూడా ఉన్నది. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు.

కాని నేను మొదటిసారి నడిచి వెళ్ళాను. ఆ తరువాత వెళ్ళినప్పుడు కూడా వీలైనంతవరకు నడిచే చూశాను. ఇవాళ మిమ్మల్ని కూడా నడిపిస్తాను. దారిలో నేను చేసిన ఒక తప్పు ఉన్నది. దానిని దాటి వెళ్ళే అడ్డదారి లేదు గనక, అదీ చూపిస్తాను.

అది 1969 ఫాల్గుణ మాసం. నాకు తొమ్మిదేళ్ళు. మా ఊరినుంచి అహోబిలం ఆమడ దూరం. మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, నన్ను తిరునాళ్ళకు తీసుకువెళ్ళాడు. బండి ఉన్నది, ఎద్దులున్నాయి. అయినా ఆయన బండి కట్టనివ్వలేదు. "ఆయప్ప మన ఊరికొచ్చి పిలిచిపోయినాడు గదరా. మనం నడిచి పోకపోతే మర్యాదేనా?" అన్నాడు.

దేవుడు ఊరికి వచ్చి పిలవడమేమిటని మీకు అనుమానం రావచ్చు. అది నిజంగా జరిగే సంగతే. దానిని పారువేట అంటారు. నరసింహస్వామి ఈ అడవిలోని చెంచుల ఆడపడుచు చెంచులక్ష్మిని పెళ్ళాడాడని కథ. ఆ పెళ్ళికి జనాన్ని పిలవడానికి ఆయన ఏటేటా సంక్రాంతి మరునాడు, కనుమనాడు, పల్లకి ఎక్కి బయలుదేరుతాడు. ఎగువ గుడి స్వామి, దిగువ గుడి స్వామి ఇద్దరూ ఒకే పల్లకిలో కూర్చుంటారు. నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ముప్పైకి మించిన పల్లెలు తిరుగుతారు. ప్రతి పల్లెలోను పల్లకి దించడానికి ఒక కట్ట, నైవేద్యం పెట్టే వంతు, పల్లకి మోసే హక్కు, అన్నీ తరతరాలుగా ఏర్పడి ఉన్నాయి. తిరిగి తిరిగి స్వామి కొండకు చేరేసరికి ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు వస్తాయి. మన ఇళ్ళలో పెళ్ళికి ముందు పెద్దవాళ్ళు ఊరూరా తిరిగి బొట్టు పెట్టి పిలవరూ? ఇదీ అంతే. చెంచులు ఆ దేవుణ్ణి ఇప్పటికీ తమ ఇంటి అల్లుడిగానే భావిస్తారు. అల్లుడితో వాళ్ళకు భయం లేదు, చనువే.

సరే, కోడి కూసే వేళకు బయలుదేరాం. జేజినాయన భుజాన సద్దిమూట. అందులో జొన్నరొట్టెలు, చెనిగ్గింజల ఊరిబిండి. నా జేబులో ఒక ఇనుపమేకు. ఆ మేకు ఎందుకు వేసుకున్నానో నాకిప్పటికీ గుర్తులేదు. ఆ వయసు పిల్లల జేబుల్లో ఏముంటాయో మీకు నేను చెప్పాలా!

తెల్లవారేసరికి ఎదురుగా నల్లమల కనిపించింది, ఉత్తరంనుంచి దక్షిణానికి గోడ కట్టినట్టు. మేము నడుస్తున్నది కుందేరు లోయ. నల్లరేగడి నేల, కాలికి అంటుకుంటే వదలదు. ఆ రేగడి కింద చాలాచోట్ల నాపరాయి ఉన్నది. మీ బడి వసారాలో పరచిన బండలు బహుశా అవే. కొండల రాయి వేరు. అందులో గట్టి ఇసుకరాయి పొరలు, వాటి నడుమ మెత్తని పలకరాయి పొరలు ఉంటాయి. ఒకప్పుడు లోతు తక్కువ సముద్రం అడుగున ఇసుకా బురదా పేరుకుని గట్టిపడితే ఏర్పడినవి ఇవి. వీటి వయసు నూరు కోట్ల సంవత్సరాలకు పైమాటే. అప్పటికి భూమిమీద చెట్టూ లేదు, పిట్టా లేదు.

ఇక్కడొక చిత్రమున్నది. కొండరాయి పాతది, లోయలోని నాపరాయి దానికంటె కొత్తది. పాతది అడుగునా, కొత్తది పైనా ఉండాలి గదా? కాని కొండ అంచున పాతరాయే కొత్తరాయి మీదికి ఎక్కి కూర్చున్నది. ఎలాగంటే, నేలమీద ఒక చాప పరిచి, దాని పక్కనే మరొక చాప పెట్టి ఒక వైపునుంచి గట్టిగా తోసి చూడండి. తోసిన చాప మడతలు పడి రెండోదాని మీదికి ఎక్కుతుంది. తూర్పునుంచి వచ్చిన ఒత్తిడికి నల్లమల రాళ్ళు అలాగే మడతలు పడి పడమటికి జరిగాయి. భూగర్భశాస్త్రజ్ఞులు ఆ సరిహద్దుకు పెట్టుకున్న పేరు "రుద్రవరం రేఖ". రుద్రవరం అహోబిలానికి దగ్గరి ఊరే! కాకతి ప్రతాపరుద్రుడు అక్కడ విడిది చేశాడనీ, ఆయన పేరుమీదనే ఆ ఊరు వెలిసిందనీ మా వైపు చెప్పుకుంటారు. రాజు పేరు ఊరికి వచ్చింది, ఊరి పేరు రాతికి వచ్చింది.

పొద్దెక్కేసరికి దిగువ అహోబిలం చేరాం. ఇక్కడి గుడి ప్రహ్లాదవరదస్వామిది. మూడు ప్రాకారాల గుడి. విజయనగరపు పనివాళ్ళు చెక్కిన స్తంభాలు, ఒక్కొక్క స్తంభంమీద ఒక్కొక్క కథ. నేను గుర్రాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. జేజినాయన మాత్రం దేవుడి దగ్గరికంటె ముందు ఒక రాతి దగ్గరికి వెళ్ళాడు. దానిమీద బారులు బారులుగా అక్షరాలున్నాయి. ఆయన చెప్పులు విడిచి, అరచెయ్యి ఆ అక్షరాలమీద పెట్టి, పైనుంచి కిందికి నిమిరాడు. జేజినాయనకు చదువు రాదు.

"రాతిలో మాటుందిరా. నాకు ఇనపడదు. నువ్వు సదువుకొని ఇనల్ల" అన్నాడు.

నేను మూడో తరగతి చదువుతున్నవాణ్ణి. గొప్పగా ముందుకు వెళ్ళి చూశాను. ఒక్క ముక్క చదవలేకపోయాను. అవి తెలుగక్షరాలే, కాని పాతకాలపు తెలుగు. కొన్ని గుర్తుపట్టేలాగే ఉన్నాయి, కొన్ని ముఖం తిప్పుకున్నాయి.

తరువాత చాలా ఏళ్ళకు, ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న రోజుల్లో, అహోబిలం రాళ్ళలో ఏముందో పుస్తకంలో చదివాను. అందులో ముఖ్యమైనది శ్రీకృష్ణదేవరాయలది. 1515లో రాయలు కొండవీటి దుర్గాన్ని గెలిచాడు. ఆ ఏడాది చివరలో, కళింగ దండయాత్రకు సాగుతూ, అహోబిలం వచ్చి స్వామిని దర్శించాడు. కంఠమాల, రత్నాల పతకం, కడియాలు, బంగారు పళ్ళెం, 1,000 వరహాలు ఇచ్చాడు. రాణి కూడా ఒక పతకం సమర్పించింది. ఒక గ్రామం కూడా గుడికి రాసి ఇచ్చారు. గుడి ముందున్న జయస్తంభం రాయలు నిలిపినదేనని చెబుతారు.

అయితే గుడికి అన్నీ మంచిరోజులే కాలేదు. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగరం బలం తగ్గింది. 1579 ప్రాంతంలో గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా సేనలు, హండె నాయకుల సాయంతో, అహోబిలాన్ని పట్టుకున్నాయి. అయిదారేళ్ళు ఈ చోటు వాళ్ళ చేతిలో ఉండిపోయింది. అహోబిల మఠం జీయరు పెనుగొండనుంచి ఏలుతున్న విజయనగర ప్రభువు శ్రీరంగరాయలతో మొరపెట్టుకుంటే, కొండ్రాజు వేంకటరాజు, తిరుమలరాజు అనే సామంతులు దండు తీసుకుని వచ్చి 1584 ప్రాంతంలో దానిని మళ్ళీ గెలిచారు. ఇదంతా కూడా ఒక శాసనంలో ఉన్నది. అంటే ఈ ఊరు తన సుఖమూ తన కష్టమూ రెండూ రాతిమీద రాసుకున్నది.

రాతిమీది రాతను పుస్తకంలోకి ఎలా తెస్తారో తెలుసా? ఆ పని చూడడానికి ముచ్చటగా ఉంటుంది. ముందు రాతిని కుంచెతో, నీళ్ళతో శుభ్రంగా కడుగుతారు. గట్టికాగితాన్ని తడిపి రాతిమీద పరుస్తారు. పందివెంట్రుకల కుంచెతో ఆ కాగితాన్ని నెమ్మదిగా కొడతారు. అప్పుడు కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. కాస్త ఆరాక నల్లసిరా అద్దిన గుడ్డ ఉండతో పైపైన తడతారు. పైనున్న కాగితం నల్లబడుతుంది, గుంటల్లో ఉన్నది తెల్లగా మిగులుతుంది. నల్లబల్లమీద సుద్దతో రాసినట్టు అక్షరాలు లేచి కనబడతాయి! ప్రభుత్వపు శాసన శాఖవారు రాయల శాసనాన్ని ఇలా నకలు తీసినది 1915లో, అంటే అది చెక్కిన నాలుగు వందల ఏళ్ళకు. ఒక రూపాయి నాణెంమీద పలచని కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే మీరు కూడా ఇలాంటి నకలు తియ్యవచ్చు.

దానికి నూరేళ్ళ ముందే మెకంజీ అనే దొర మనుషులను ఊరూరికి పంపి, కరణాల దగ్గర, ముసలివాళ్ళ దగ్గర స్థలచరిత్రలు రాయించాడు. వాటిని కైఫీయతులంటారు. ఆ పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచినవాడు కావలి బొర్రయ్య అనే తెలుగువాడు. పాపం, చిన్నవయసులోనే 1803లో పోయాడు. ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఆ పని సాగించాడు.

మధ్యాహ్నం సద్ది తిని ఎగువకు బయలుదేరాం. దిగువనుంచి ఎగువకు ఏడెనిమిది కిలోమీటర్లు. దారి భవనాసి వాగును పట్టుకుని పోతుంది. ఈ కొండల పడమటి వాలుమీద పడిన వాన కుందేరు చేరి, అక్కడినుంచి పెన్నకు పోతుంది. ఫాల్గుణంలో వాగు సన్నగిల్లి మడుగులు మడుగులుగా ఉన్నది. దారిలో కారంజ నరసింహస్వామి గుడి వస్తుంది. కరంజమంటే కానుగ. కానుగచెట్టు నీడన వెలిసినవాడు గనక ఆయనకా పేరు. అక్కడి స్వామి చేతిలో విల్లున్నది, రాముడి చేతిలో ఉన్నట్టు! కానుగనూనెతో మా అవ్వ దీపం పెట్టేది. మా ఊళ్ళో కరెంటు వచ్చాక కూడా కొన్నాళ్ళు పెట్టింది, దాని మీద నమ్మకం లేక.

అహోబిలంలో నరసింహుడికి తొమ్మిది గుళ్ళున్నాయి. జ్వాల, అహోబిల, మాలోల, క్రోడ, కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట, పావన నరసింహులు. ఇవి ఒకచోట లేవు. కొన్ని దిగువ ఊరికి దగ్గర, కొన్ని కొండ నడుమ, పావన నరసింహుడైతే దట్టమైన అడవిలో. తొమ్మిదీ చూడాలంటే రెండు రోజులైనా నడవాలి. అందుకే ఈ ఊరిని బస్సు కిటికీలోనుంచి చూడలేరంటాను.

ఎగువ గుడిలో స్వామి గుహలో ఉన్నాడు. బయట ఎండ మండుతున్నా లోపల చల్లగా ఉంటుంది. సుమారు పదకొండు పన్నెండు వందల ఏళ్ళ కిందట తిరుమంగై ఆళ్వారు అనే తమిళకవి ఈ చోటును "సింగవేళ్ కున్రం" అని పది పాటలలో పాడాడు. దేవతలు తప్ప మరొకరు వెళ్ళలేని చోటన్నాడు. దారి అంత కష్టమన్న మాట! ఆ కష్టం చూసే కాబోలు, పద్నాలుగో శతాబ్దంలో అద్దంకి ఏలిన ప్రోలయ వేమారెడ్డి అహోబిలానికీ శ్రీశైలానికీ మెట్లు కట్టించాడు. ఆయన ఆస్థానంలోని ఎఱ్ఱన, మహాభారతంలో నన్నయ విడిచిన అరణ్యపర్వాన్ని పూర్తిచేసిన మహాకవి, నృసింహపురాణం రాసి ఈ స్వామికే అంకితమిచ్చాడు. తాళ్ళపాక అన్నమయ్య ఇక్కడి మఠాన్ని నెలకొల్పిన ఆదివన్ శఠకోప యతి దగ్గర శాస్త్రాలు చదివాడని సంప్రదాయం. అంతమంది నడిచిన దారిని నేను నడుస్తున్నానని అప్పుడు నాకు తెలియదు. నా కాళ్ళు నొస్తున్నాయని మాత్రం తెలుసు.

ఆ రాత్రి సత్రంలో పడుకుని, మరునాడు పొద్దున్నే పైకి ఎక్కాం. తల ఎత్తితే ఉగ్రస్తంభం. హిరణ్యకశిపుడు గదతో కొట్టినప్పుడు పగిలి నరసింహుడు బయటికి వచ్చిన స్తంభం అదేనని నమ్మకం. చూస్తే కొండ నిలువునా చీలి, ఒక పక్క విడిగా నిలబడినట్టుంటుంది. గట్టి ఇసుకరాయిలో నిలువు బీటలుంటాయి. వాన, ఎండ, చెట్ల వేళ్ళు ఆ బీటలను వేల ఏళ్ళు పెద్దవి చేస్తే ఒక పక్కరాయి రాలిపోయి రెండో పక్క స్తంభంలా నిలుస్తుంది. ఈ సంగతి మా జేజినాయనకు తరువాత చెప్పాలనుకున్నాను, చెప్పే అవకాశం లేకపోయింది. ఉగ్రస్తంభం ఎక్కడం చాలా ప్రమాదం. మీరు వెళితే కిందినుంచే చూడండి. ఎలుగుబంట్లూ చిరుతలూ ఉన్న అడవి అది. దారి తెలిసిన మనిషి లేకుండా ఎవరూ పోకూడదు.

జ్వాలా నరసింహుణ్ణి చూసి, మాలోల నరసింహుడి వైపు వచ్చాం. అక్కడికి దగ్గరలోనే ప్రహ్లాదుడి బడి. బడి అంటే ఒక కొండచరియ కింది చోటు. ప్రహ్లాదుడు దిద్దిన అక్షరాలని చెప్పి, అక్కడి బండలమీద గీతలు చూపిస్తారు. ఆ గీతలు చూడగానే నాకు జేబులోని మేకు గుర్తుకు వచ్చింది.

జేజినాయన ఒక చెట్టుకింద చుట్ట ముట్టించుకుంటున్నాడు. నేను దారి పక్కకు వెళ్ళాను. మొదట ఒక పెద్ద బండమీద గీయబోయాను. మేకు జారిపోయింది, ఒక నల్లని మెరుపుగీత మాత్రం పడింది. చేతితో తుడిస్తే అదీ చెదిరింది. ఎందుచేతనంటే, ఆ ఇసుకరాయి ఇనుముకంటె గట్టిది. అక్కడ మేకు రాతిని గీయదు, రాయే మేకును గీస్తుంది! మీరు ఇంట్లో పరీక్షించి చూడండి. ఒక మేకు తీసుకుని విరిగిన పలకముక్కమీద, నాపరాతి ముక్కమీద, తెల్లని గులకరాతిమీద గీయండి. మొదటి రెండింటిమీద గాటు పడుతుంది. గులకరాతిమీద పడేది గాటు కాదు, మేకునుంచి రాలిన ఇనుపపొడి.

నా ఖర్మకొద్దీ, ఆ బండకు కాస్త కింద మెత్తని పలకరాతి పొర ఒకటి ఉన్నది. మా చిన్నప్పటి పలకలు ఈ నల్లమలకు అవతలివైపున, మార్కాపురంలో తవ్వే ఇలాంటి రాతితో చేసినవే. ఇంకేం! పలకమీద రాసినంత సులువుగా రాశాను. "ఓబులేసు". దాని కింద "1969".

వెనకనుంచి చుట్టవాసన వచ్చింది. తిరిగి చూస్తే జేజినాయన.

"ఏంది రాసినావురా?"

"నా పేరు జేజినాయనా. ఓబులేసు."

మా ఇళ్ళలో జేజినాయన పేరు మనవడికి పెట్టడం ఆచారం. ఆయన పేరూ ఓబులేసే. భర్త పేరు నోటితో పలకకూడదని మా అవ్వ నన్ను "సామీ" అనే పిలిచేది. జేజినాయన ఆ రాతి ముందు గొంతుక్కూర్చున్నాడు. చూపుడువేలు పెట్టి, రాయల శాసనం నిమిరినట్టే, నాలుగక్షరాలూ నిమిరాడు. మళ్ళీ మొదటికి వచ్చి, మళ్ళీ నిమిరాడు.

"నా పేరు ఇట్లుంటాదా?" అన్నాడు.

అరవై ఏళ్ళు దాటిన మనిషి తన పేరును మొదటిసారి చూడడం అదే. నేను రోజూ పలకమీద ఆ పేరు రాసేవాణ్ణి. ఆయన పక్కనే కూర్చుని పగ్గాలు పేనుకునేవాడు. ఒక్కనాడైనా "ఇదిగో, ఇది నీ పేరు" అని చూపించాలని నాకు తోచలేదు. మరుసటి ఏడు వానలకు ముందే ఆయన పోయాడు.

ఇక రెండో సంగతి. 2007లో మా బడి ఎనిమిదో తరగతి పిల్లలను నలభైమందిని అహోబిలం నడకకు తీసుకువెళ్ళాను. దిగువ గుడిలో శాసనం ముందు నిలబెట్టి గట్టిగా చెప్పాను: "రాళ్ళమీద ఎవడైనా పేరు గీస్తే వంద గుంజీలు తీయిస్తాను. ఇవి మీ తాతముత్తాతల దస్తావేజులు." పిల్లలు తలలూపారు. నడిచారు, ఎక్కారు, మడుగులో కాళ్ళు పెట్టుకున్నారు. ప్రహ్లాదుడి బడి దగ్గరికి వచ్చేసరికి ముందు వెళ్ళిన పిల్లల్లో గొడవ మొదలైంది.

"సార్! ఓబులేసు పేరు గీసినాడు సార్!"

"నేను కాదు సార్!" అన్నాడు పెద్దోబులేసు. "నేనూ కాదు సార్!" అన్నాడు నడిపోబులేసు. చిన్నోబులేసు అప్పటికే ఏడుస్తున్నాడు. నాకు కోపం వచ్చింది. బెత్తం లేదు గాని, ఉన్నట్టే చెయ్యి ఊపుకుంటూ వెళ్ళాను. "ముగ్గురూ ఇట్లా రండి" అన్నాను. వాళ్ళు వచ్చి నిలబడ్డారు. అప్పుడు రాతివైపు చూశాను.

కింద ఉన్న సంవత్సరం మట్టితో పూడి ఉన్నది. పిల్లలు చూడలేదు. ఆ మట్టి అలాగే ఉంచి, "సరే, ఎవరైతేనేం, ఇకముందు గీయకండి" అని అక్కడినుంచి తీసుకుపోవచ్చు. నిజం చెబుతున్నాను, ఆ ఆలోచన నాకు వచ్చింది. కాని చిన్నోబులేసు ముక్కు చీదుకుంటూ నా ముఖంలోకి చూస్తున్నాడు.

నేను వంగి చేత్తో మట్టి తుడిచాను. "1969" బయటపడింది. పిల్లలు దానినీ నన్నూ మార్చి మార్చి చూశారు. హాజరుపట్టీ అట్టమీద నా పేరు వాళ్ళు రోజూ చూసేదే. ఎవ్వరూ మాట్లాడలేదు. చివరకు వెనకనుంచి ఒక ఆడపిల్ల మెల్లగా, "వంద గదా సార్?" అన్నది.

తీశాను. చెవులు పట్టుకుని, ఆ బండ ముందు. పిల్లలు లెక్కపెట్టారు. మొదట గుసగుసగా, తరువాత గొంతెత్తి. నాకప్పుడు నలభై ఏడేళ్ళు. ముప్పై నాలుగు దగ్గర మోకాళ్ళు పట్టేశాయి. నేను ఆగి ఊపిరి తీసుకుంటుంటే పక్కన కదలిక అయింది. చూస్తే ముగ్గురు ఓబులేసులూ వరసగా నిలబడి చెవులు పట్టుకున్నారు.

"మీరెందుకురా?" అన్నాను.

"పేరు మాది గూడా గదా సార్" అన్నాడు చిన్నోబులేసు.

మిగిలిన అరవై ఆరూ నలుగురం పంచుకున్నాం. లెక్కలో పదహారున్నర వచ్చింది. ఆ సగం ఎవరు తియ్యాలన్న దానిమీద దిగువకు వచ్చేదాకా వాదన జరిగింది.

జేజినాయన వేలితో నిమిరిన సంగతి మాత్రం ఆనాడు వాళ్ళకు చెప్పలేదు. చెబితే నా తప్పుకు సాకు చెప్పినట్టవుతుందనిపించింది. ఇవాళ మీకు చెబుతున్నాను.

పోయిన ఏడాది మళ్ళీ వెళ్ళాను. ఎగువదాకా బస్సులోనే వెళ్ళానని ఒప్పుకుంటాను, మోకాళ్ళు ఇప్పుడు ముప్పై నాలుగు కాదు, నాలుగుకూడా పడనివ్వవు. అక్కడినుంచి దారి తెలిసిన ఒక చెంచు కుర్రవాడు తోడు వస్తే, చేతికర్రతో, ఆగి ఆగి నడిచాను. మెత్తని రాతిమీద రాయడం ఎంత తేలికో, ఆ రాత పోవడమూ అంత తేలిక. పలకరాతి పొరలోకి వాననీరు దిగి, ఎండకు ఆరి, రేకులు రేకులుగా ఊడిపోతుంది. రాయల శాసనం అయిదువందల ఏళ్ళు దాటినా నిలిచే ఉన్నది. నా పేరులో "ఓబు" మిగిలింది. "లేసు" రాలిపోయింది. సంవత్సరం జాడ లేదు.

గొంతుక్కూర్చుందామంటే కూర్చోలేకపోయాను. వంగి, ఆ రెండక్షరాలమీద వేలు పెట్టాను. "ఓ" ఇంకా లోతుగానే ఉన్నది. అంత గట్టిగా ఎందుకు గీశానో!

"సార్, పొద్దు వాలతాంది. ఎలుగులు నీళ్ళకొచ్చే యాళ" అన్నాడు కుర్రవాడు. కర్ర అందుకుని దిగడం మొదలుపెట్టాం. ఆ అబ్బాయి ముందు నడుస్తూ, నా కోసం రాళ్ళు పక్కకు తోస్తూ పోయాడు. పేరేమిటని అడిగాను.

"ఓబులేసు సార్" అన్నాడు.